పద్నాలుగడుగుల జొన్న

తుమ్మలచెలక పశుగ్రాస పరిశోధనా కేంద్రంలో జొన్న ఎంత ఎత్తు పెరిగిందో చెప్పే అధికారం ఇరవై తొమ్మిదేళ్ళపాటు ఒక వెదురు కర్రకు ఉండేది. ఆ కర్రను మోసే అధికారం కుర్మయ్యకు ఉండేది. కర్ర పొడవు పదిహేనడుగులు, అడుగడుగుకూ ఒక ఎర్ర గీత. కుర్మయ్య పొద్దున ఎనిమిదింటికల్లా మడిలోకి దిగి, మొక్క పక్కన కర్ర నిలబెట్టి, కొస ఆకు దగ్గర గోరు ఆనించి "ఆరడుగుల మూడంగుళాలు" అని కేకేసేవాడు. గట్టు మీద గొడుగు కింద కూర్చున్నవాళ్ళు రాసుకునేవారు. కర్రకు అబద్ధం చెప్పడం రాదు, కుర్మయ్యకు అంతకన్నా రాదు. అందువల్ల ఆ కేంద్రం ఇరవై తొమ్మిదేళ్ళలో పెద్దగా పేరు తెచ్చుకోలేదు.

కేంద్రానికి ఒక కొట్టం ఉంది, అందులో తొమ్మిది బర్రెలున్నాయి. పండించిన మేతను ఎవరో ఒకరు తిని చూడాలి కదా, అందుకని వాటిని పెట్టారు. వాటిని చూసుకునేది జములమ్మ. రికార్డులో బర్రెలకు అంకెలుంటే జములమ్మ దగ్గర పేర్లున్నాయి. పదిహేడో నంబరు ఆమెకు నల్లపూస. అది ఆ ఏడు చూడితో ఉంది. మిగిలిన ఎనిమిదింటి పాలతో డైరెక్టర్ పరాంకుశం గారికి రోజుకు ఆరుసార్లు టీ అయ్యేది. ఆయన చిక్కటి పాల టీ లేకుండా ఏ ఫైలూ తెరవరని ఆఫీసంతా ఎరుగుదురు.

ఇలా నడుస్తున్న కేంద్రంలోకి మార్కరు వచ్చింది.

తెచ్చింది డాక్టర్ నస్రీన్ అనే చిన్న వయసు శాస్త్రవేత్త. ఆమెది పనితనం ఉన్న చెయ్యి, నెమ్మదైన నోరు. జొన్న మొలక రెండాకుల మీద ఉన్నప్పుడే చిటికెడు ఆకు గిల్లి, నూరి, లోపలి జన్యువుల్లో ఫలానా గుర్తు ఉందో లేదో చూస్తే, ఆ మొక్క పెద్దయ్యాక పొడుగు పెరిగేదీ లేనిదీ కొంతవరకు ముందే చెప్పవచ్చునని ఆమె నాలుగేళ్ళు కష్టపడి కనిపెట్టింది. ఆ గుర్తు పేరే మార్కరు. నిజంగా పనికొచ్చే సంగతే. ఆరు నెలలు పెంచి చూడాల్సిన వెయ్యి మొక్కల్లోంచి నూరింటిని పదిహేను రోజుల్లో ఏరుకోవచ్చు. ఆమె తన నివేదిక మొదటి పేరాలో "ఈ గుర్తు ఉన్న మొక్కలు పద్నాలుగు అడుగుల వరకు పెరిగే సామర్థ్యం కలవి" అని రాసింది. చివరి పేరాలో "నీరు, ఎరువు, నేల సరిగా ఉంటేనే, ఎత్తులో తేడాకు ఈ గుర్తు అయిదో వంతు మాత్రమే కారణం, మడిలో కొలిచి సరిచూసుకోవాలి" అనీ రాసింది.

డైరెక్టర్లు మొదటి పేరా చదువుతారు. చివరి పేరా నస్రీన్ లాంటి వాళ్ళు తమ మనశ్శాంతి కోసం రాసుకుంటారు.

పరాంకుశం గారు సభ పెట్టారు. ఆయనకు విజ్ఞానం ఎంత ఉందో వేదాంతం అంతకు రెట్టింపు ఉంది. "మిత్రులారా, కంటికి కనిపించేది దృశ్యరూపం. అది మాయ. ఎండకు వాడుతుంది, వానకు లేస్తుంది, గాలికి వంగుతుంది. లోపల ఉన్నది జన్యురూపం. అది సత్యం, నిత్యం. ఇన్నేళ్ళూ మనం మాయను కర్రతో కొలుస్తూ కూర్చున్నాం. ఇకపై ఈ కేంద్రంలో జొన్న ఎత్తు అంటే మార్కరు చూసి మనం ఇచ్చే ధ్రువపత్రంలోని ఎత్తే" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నస్రీన్ లేచి "సార్, ఆ చివరి పేరా..." అంది. చప్పట్లలో అది ఎవరికీ వినపడలేదు.

మర్నాడు కుర్మయ్య అలవాటు ప్రకారం ఏడో మడిలోకి దిగాడు. మార్కరు ఉందని తేలిన మొక్కలన్నీ అందులోనే ఉన్నాయి. కర్ర నిలబెట్టి "అయిదడుగుల నాలుగంగుళాలు" అని కేకేశాడు. గట్టు మీద ఎవరూ రాసుకోలేదు. పరిపాలనాధికారి దక్షిణామూర్తి గారు మాత్రం గొడుగు కింది నుంచి లేచారు. ఆయన మాట్లాడినా ఉత్తరం చదువుతున్నట్టే ఉంటుంది.

"కుర్మయ్యా, నీవు ప్రకటించిన కొలత కేంద్రం ధ్రువీకరించిన కొలతకు ఎనిమిది అడుగుల ఎనిమిది అంగుళాల మేర విరుద్ధంగా ఉన్నది. దీనికి నీ వివరణ ఏమిటి?"

"నా వివరణ ఏముంటది సార్? మొక్క గంతే ఉంది."

"మొక్క గురించి అడగలేదు. కొలత గురించి అడిగాను."

కుర్మయ్య కర్ర వంక చూశాడు, మొక్క వంక చూశాడు. రెండూ తన వైపే ఉన్నాయి గాని, రెండింటికీ సంతకం చెయ్యడం రాదు. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. వెదురు కర్ర "కాలం చెల్లిన, అసత్య ఫలితాలిచ్చు పరికరము"గా తేలింది. దాన్ని పనికిరాని సామాను కింద కొట్టేశారు. జములమ్మ దాన్ని తీసుకుపోయి కొట్టం గేటుకు అడ్డగడియగా పెట్టుకుంది. ఇరవై తొమ్మిదేళ్ళు ఎత్తులు కొలిచిన కర్ర అట్లా పడుకుంది.

అదే ఉత్తర్వులో రెండో అంశం కూడా ఉంది. మార్కరు లేని రకాలన్నింటినీ పీకెయ్యాలి. అంటే మూలనున్న పాత పచ్చజొన్న కూడా పోవాలి. ఆ వైపు రైతుల తాతలనాటి విత్తనం అది. పొట్టిది, సన్న కాడ, గుత్తులు గుత్తులుగా పిలకలు వేస్తుంది. బర్రెలు దాన్ని కాడ మిగల్చకుండా తింటాయి. పశువు ముందు మేత వేసి మర్నాడు గాడిలో ఏం మిగిలిందో చూడడమే ఆ వైపు రైతు పరీక్ష. లావు కాడలు మిగిల్తే అది మంచి మేత కాదు, ఎంత పొడుగున్నా సరే. ఈ పరీక్షకు యంత్రం లేదు కాబట్టి కేంద్రంలో దీనికి విలువ లేదు. కుర్మయ్య పీకమన్నవన్నీ పీకాడు. పీకుతూ నాలుగు కంకులు కండువాలో చుట్టుకుని ఇంటికి తీసుకుపోయి, తన బావి పక్క చెలకలో రెండు సాళ్ళు చల్లాడు. ఈ ఒక్క సంగతి ఏ రికార్డులోనూ లేదు.

మార్కరు విత్తనం నలభై ఎకరాల్లో వేశారు. రెండు వానలు పడ్డాయి, మొలకలు లేచాయి, ఆ తర్వాత మబ్బు ముఖం చాటేసింది. బోరు మోటారు కాలిపోయింది. దాన్ని బాగుచేయించమని కుర్మయ్య వేలిముద్రతో అర్జీ పెడితే దక్షిణామూర్తి గారు దాని మీద ఇలా రాశారు: "ఇప్పటికే పద్నాలుగు అడుగులు ఉన్న పైరుకు నీరు ఎందుకు అవసరమైనదీ అర్జీదారు వివరించవలెను." అర్జీదారు వివరించలేకపోయాడు. జొన్న మోకాలి దగ్గర ఆగిపోయి, ఆకు కొస ముడుచుకుని, అక్కడే గిడసబారింది.

ఆఫీసు మాత్రం పద్నాలుగడుగుల దగ్గర ఆగలేదు. ఎత్తైన పైరుకు కొన్ని బాధ్యతలుంటాయి. ముందుగా మడి నాలుగు మూలలా బోర్డులు లేచాయి: "హెచ్చరిక. దట్టమైన ఎత్తైన పైరు. లోపలికి వెళ్ళి దారి తప్పినవారికి కేంద్రము బాధ్యత వహించదు." బోర్డు కింద మేకపిల్ల ఒకటి నిలబడితే దాని వీపు పైరు మీదికి కనిపిస్తూనే ఉంది.

తర్వాత నిచ్చెనలు వచ్చాయి. ఎనిమిదడుగులు దాటిన పైరు కోసేటప్పుడు కూలీలకు నిచ్చెన, తలకు టోపీ తప్పనిసరి అని ఎక్కడో నిబంధన ఉందట. పన్నెండు నిచ్చెనలు, పన్నెండు పసుపు టోపీలు తెప్పించారు. నమూనా కోతకు వచ్చిన ఆడవాళ్ళు టోపీలు పెట్టుకుని, మోకాలెత్తు జొన్న మధ్య నిచ్చెనలు నిలబెట్టి, మూడో మెట్టు ఎక్కి నిలుచున్నారు. అక్కడినుంచి కొడవలి అందదు. దక్షిణామూర్తి గారు చూస్తున్నంతసేపు పైన నిలబడి గాలి కోశారు. ఆయన అటు తిరగ్గానే దిగి, కూర్చుని, రెండు పిడికెళ్ళు కోసి, మళ్ళీ ఎక్కారు. పొద్దూకేసరికి మోకాళ్ళు పట్టేశాయి గాని ప్రమాదమేమీ జరగలేదు. "భద్రతా చర్యల ఫలితంగా ఎత్తునుండి ఒక్కరూ పడలేదు" అని నివేదిక వెళ్ళింది.

అది చూసి జములమ్మ "కుర్మన్నా, ఈళ్ళకు ఎండ తగిలిందా?" అంది.

"ఎండ మనకు తగుల్తది జములమ్మా. ఆళ్ళు కూలరు కింద ఉంటరు" అన్నాడు కుర్మయ్య.

ఆ వారమే అతనికీ తగిలింది. మడి నడుమ కలుపు తీస్తుంటే దక్షిణామూర్తి గారు హాజరు పుస్తకంతో గట్టు మీదికి వచ్చారు. కుర్మయ్య లేచి దండం పెట్టాడు. ఆయన తిరిగి తలూపి, పుస్తకంలో "గైర్హాజరు" అని రాశారు.

"సార్, నేను ఈడనే ఉన్న గద."

"ఉన్నావు. కానీ పద్నాలుగు అడుగుల పైరు మధ్య ఉన్న మనిషి గట్టు మీదినుంచి కనిపించే అవకాశం లేదు. కనిపించాడని రాస్తే ఆడిటు వారు నన్ను అడుగుతారు" అన్నారాయన, చాలా మర్యాదగా. "నీవు మడి బయట పని చేయుము. అప్పుడు నాకు అభ్యంతరము లేదు."

ఇంతవరకు కుర్మయ్య నవ్వి ఊరుకున్నాడు. ఆఫీసన్నాక పిచ్చి ఉంటుంది, జీతగాడన్నాక ఓపిక ఉండాలి అనుకున్నాడు. నవ్వు ఆగిపోయింది సమీక్షా సంఘం వస్తోందని తెలిసిన రోజున.

పై నుంచి పెద్ద సంఘం వస్తోంది, అధ్యక్షులవారు స్వయంగా వస్తున్నారు. ఈ కేంద్రం పద్ధతిని మిగతా అన్ని కేంద్రాలకూ నమూనాగా చెయ్యాలా వద్దా అని తేలుస్తారు. కార్యక్రమంలో చివరి అంశం మేత ప్రదర్శన. సంఘం ఎదుట ఒక బర్రె పద్నాలుగడుగుల జొన్నను కడుపారా తిని చూపించాలి. కొట్టంలో అన్నింటికన్నా నిగనిగలాడేది నల్లపూస కాబట్టి దాన్ని ఎంచారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. నీళ్ళు లేక మోకాలెత్తులో గిడసబారిన జొన్నలో విషం ఉంటుంది. కోసిన మోళ్ళకు వచ్చే లేత పిలకలోనూ ఉంటుంది. రైతులు దాన్ని నాము అంటారు. నాము తిన్న పశువు పొట్ట ఉబ్బి, నోట నురుగు కక్కి, గంట తిరక్కుండా పోతుంది. పైరు ఎదిగి పూతకొచ్చాక ఆ విషం విరిగిపోతుంది. ఇది ఆ వైపు పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కుర్మయ్యకైతే అసలే అక్కర్లేదు. వాళ్ళ నాయన ఎడ్లు రెండూ ఒక్క పూటలో నాము తిని పడిపోతే, ఆ ఏడు కాడి ఒకవైపు తను, ఒకవైపు నాయన మోసిన భుజం ఇంకా అతనికే ఉంది.

అతను డైరెక్టర్ గారి గదిలోకి వెళ్ళాడు. ఆయన మూడో టీ తాగుతున్నారు.

"సార్, గా జొన్నల నాము ఉంది. నల్లపూస నిండు చూడిది. తింటే తల్లీ పిల్లా రెండూ పోతయి. మీ కాళ్ళు మొక్కుత, అది ఒద్దు."

పరాంకుశం గారు కోప్పడలేదు. ఆయన అజ్ఞానం మీద ఎప్పుడూ జాలే పడతారు.

"చూడు కుర్మయ్యా, నాము ఎప్పుడు ఉంటుంది?"

"మోకాలెత్తున్నప్పుడు సార్."

"మన జొన్న ఎత్తెంత?"

కుర్మయ్య తన మోకాలి వంక చూసుకున్నాడు.

"పద్నాలుగు అడుగులు. పద్నాలుగడుగుల జొన్నలో నాము ఉంటుందా? ఉండదు. ఉందంటే అది పద్నాలుగడుగులు లేదని అర్థం. లేదంటే పత్రం తప్పని అర్థం. పత్రం తప్పంటే ఈ కేంద్రం తప్పని అర్థం. ఇప్పుడు చెప్పు, ఎక్కడ ఆగుతావో ఆగు."

కుర్మయ్య ఎక్కడా ఆగలేక బయటికొచ్చాడు. నేరుగా నస్రీన్ దగ్గరికి వెళ్ళాడు. ఆమె మాట్లాడకుండా లేచి, మడిలోంచి నాలుగాకులు తెచ్చి, నలిపి గాజు గొట్టంలో వేసి, పైన మందులో తడిపిన పసుపు కాయితం ముక్క వేలాడదీసి మూత బిగించింది. కాసేపటికి పసుపు కాయితం ఇటుక రంగుకు తిరిగింది. నాము ఉందన్నమాటే, అదీ దండిగా. ఆమె ఆ గొట్టం పట్టుకుని డైరెక్టర్ గదికి పరుగెత్తింది. అయిదు నిమిషాల్లో అదే గొట్టంతో తిరిగొచ్చింది.

"ఏమన్నరు మేడం?"

"ఎర్రరంగు కంటికి కనిపించింది కాబట్టి ఇది కూడా దృశ్యరూపమే అన్నారు" అంది నస్రీన్. గొట్టాన్ని బల్ల మీద పెట్టింది. "ఇదంతా నా వల్లే కుర్మయ్యా. నేను ఆ మొదటి పేరా రాయకుండా ఉండాల్సింది."

"నీ తప్పేముందమ్మా? కత్తి చేసినోని తప్పా, మెడ కోసినోని తప్పా?" అన్నాడు గాని, అతనికి ఏ దారీ తోచలేదు.

కొట్టంలో జములమ్మ నల్లపూస మెడ పట్టుకుని కూర్చుని ఉంది. "నా బర్రె మీద చెయ్యేస్తే నేను ఊకోను. నౌకరి పోతే పోనీ. దీని తల్లిని నేను సాకిన, దీన్ని సాకిన, ఇప్పుడు దీని కడుపుల దాన్ని సాకాలె" అంది. కుర్మయ్య గేటు దగ్గర కూలబడ్డాడు. అడ్డగడియగా పడుకున్న వెదురు కర్ర మీద చెయ్యి ఆనింది. ఎర్ర గీతలు మాసిపోయాయి. నిజం చెప్పిన కర్రను కొట్టేసిన చోట నిజం చెప్పే మనిషి ఏం నెగ్గుతాడు? అతను లేచాడు.

"జములమ్మా, ఈడ మొక్క పొడుగు ఎవరు జెప్తున్రు?"

"పత్రం."

"మరి బర్రె కడుపు నిండిందని గూడ పత్రమే చెప్పాలె గద?"

సమీక్షా సంఘం వచ్చింది. అధ్యక్షులవారు బోర్డులు చదివి తల పంకించారు, నిచ్చెనలు లెక్కపెట్టి మెచ్చుకున్నారు, పైరు వైపు చూడాల్సిన చోట పత్రం వైపు చూశారు. షామియానా కింద పసుపుకుంకుమ పూసిన నల్లపూస నిలబడి ఉంది. దాని ముందు గంపెడు మోకాలెత్తు జొన్న పెట్టారు. ఆకలిగొన్న బర్రె మూతి చాపింది. జములమ్మ తాడు బిగించి పట్టుకుంది, ఆమె చేతి నరాలు తేలాయి.

"మేయనివ్వండి" అన్నారు అధ్యక్షులవారు.

నస్రీన్ ముందుకొచ్చింది. ఆమె ఒక కాయితం చదివింది: "పదిహేడవ నంబరు గేదె రక్త నమూనాను జన్యు విశ్లేషణ చేయగా అందు తృప్తి మార్కరు ఉన్నట్లు నిర్ధారణ అయినది. కావున సదరు గేదె ధ్రువీకృత పద్నాలుగు అడుగుల జొన్నను సంపూర్ణముగా ఆరగించినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది. దృశ్యరూపమున అది ఇంకను ఆకలిగా కనిపించిన యెడల అది మాయగా భావించవలెను."

పరాంకుశం గారి నోరు తెరుచుకుంది. అందులో చివరి వాక్యం తనదే. కాదంటే తన వేదాంతం కాదన్నట్టే. నోరు మూసుకుంది.

అధ్యక్షులవారు మెల్లగా లేచి నిలబడ్డారు. కళ్ళు చెమర్చాయి. "మేపకుండా మేపడం. నలభై ఏళ్ళ నా సర్వీసులో ఇంతటి మితవ్యయం చూడలేదు. పరాంకుశం గారూ, మీరు పైరు దగ్గర ఆగిపోతారనుకున్నాను. పశువు దాకా తీసుకెళ్ళారు" అని ఆయన్ని కౌగలించుకున్నారు. గంప తీసేశారు. జములమ్మ నల్లపూసను కొట్టానికి తోలుకుపోయి, గేటు మూసి, కర్ర అడ్డం వేసి, దాని మూతి కడిగి ఏడ్చింది. కుర్మయ్య ఆ సాయంత్రం ఊళ్ళో కల్లు తాగాడు. ఆఫీసును ఆఫీసు కర్రతోనే కొట్టానన్న సంబరం అతనిది.

పిచ్చోడి చేతికి రాయి అందిస్తే వాడు మనం చూపించిన వైపే విసురుతాడా?

అయిదో రోజున సర్క్యులరు వచ్చింది. దక్షిణామూర్తి గారు కొట్టం ముందు నిలబడి చదివారు: "పశువుల తృప్తి ధ్రువపత్రముల ద్వారా నిర్ధారించదగునని రుజువైనందున, నేటి నుండి కొట్టమునకు మేత సరఫరా నిలిపివేయడమైనది. ప్రతి పశువునకు ఉదయం ఒకటి, సాయంత్రం ఒకటి చొప్పున తృప్తి పత్రము జారీ చేయబడును. బయటి నుండి మేత తెచ్చినచో ధ్రువీకృత తృప్తికి భంగము కలుగును గావున గేటు వద్ద తనిఖీ చేయవలెను." గడ్డివాము చుట్టూ తాళ్ళు కట్టి సీలు వేశారు.

ఆ పూట తొమ్మిది బర్రెల గాడిలో తొమ్మిది కాయితాలు పెట్టారు. ముసలి బర్రె ఒకటి తన పత్రాన్ని తినేసింది. దానికి డూప్లికేటు జారీ చేశారు.

జములమ్మ ఇంట్లో వండిన గంజి కుండలో దాచి తెచ్చి పోసింది. తొమ్మిది బర్రెలకు కుండెడు గంజి ఏ మూలకు? మొదటి రోజు అరిచాయి. రెండో రోజు అరవలేదు, అదే ఆమెకు భయమేసింది. నల్లపూస తల గోడకానించి నిలబడింది, డొక్కలు తేలాయి, కడుపు మాత్రం పెద్దగా వేలాడుతోంది. కుర్మయ్య పచ్చజొన్న మోపు తెస్తే గేటు దగ్గరే ఆపి పడేయించారు.

"ఎంత పని జేసినవ్ కుర్మన్నా" అంది జములమ్మ. కోపంగా అనలేదు, అందుకే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "నాము తిని గంటల పోయేదాన్ని, ఆకలికి వారం దినాలు సావనిస్తున్నం."

కుర్మయ్య తల వంచుకున్నాడు. నిజమే, ఈ దారి చూపించింది తనే. ఈసారి ఆలోచన జములమ్మది. ఆమె చీర చెంగు బొడ్లో దోపుకుని నస్రీన్ దగ్గరికి వెళ్ళి "మేడం, ఇంకొక్క కాయితం రాస్తవా?" అంది. నస్రీన్ రెండో మాట అడగకుండా కలం తీసింది.

మర్నాడు పది గంటలకు డైరెక్టర్ గారి గదిలో అధ్యక్షులవారు కూర్చుని ఉన్నారు. అన్ని కేంద్రాలకూ పంపాల్సిన "తుమ్మలచెలక నమూనా" ముసాయిదా ఇద్దరూ కలిసి రాస్తున్నారు. దక్షిణామూర్తి గారు కలం పట్టుకుని ఉన్నారు. పరాంకుశం గారు గంట కొట్టి టీ తెమ్మన్నారు.

టీ తెచ్చింది జములమ్మ. వెనకాల కుర్మయ్య. పళ్ళెంలో మూడు ఖాళీ గాజు గ్లాసులు, శుభ్రంగా కడిగినవి. పక్కన ఒక పత్రం.

"ఇదేమిటి?" అన్నారు పరాంకుశం గారు.

"పాలు సార్. పత్రం మేసిన బర్రె పత్రమే ఇస్తది గద. తొమ్మిది లీటర్లు, దాంట్ల రాసి ఉంది, మీగడతోని. సక్కెర గూడ ఏసిన."

అధ్యక్షులవారు డైరెక్టర్ గారి వైపు చూశారు. డైరెక్టర్ గారు అధ్యక్షులవారి వైపు చూశారు. ముసాయిదా మొదటి వాక్యం బల్ల మీద ఇంకా తడి ఆరలేదు: "ధ్రువీకరించబడినదే సత్యము." ఆ గ్లాసు ఖాళీ అని ముందుగా ఎవరంటే వాళ్ళు ఆ వాక్యాన్ని కొట్టేసుకున్నట్టే.

పరాంకుశం గారు గ్లాసు ఎత్తి, పెదవులకు ఆనించి, ఒక గుక్క గాలి మింగారు.

"చక్కెర కొంచెం ఎక్కువైంది" అన్నారు.

"నాకు సరిగ్గా ఉంది" అన్నారు అధ్యక్షులవారు. దక్షిణామూర్తి గారు వేడిగా ఉందని ఊదుకుని తాగారు.

రోజుకు ఆరుసార్లు. ఆ రోజు ఆరుసార్లూ జములమ్మ ఖాళీ గ్లాసులు తెచ్చింది, ఆరుసార్లూ తాగారు, రెండోసారి అధ్యక్షులవారు మరికాస్త పోయించుకున్నారు కూడా. నాలుగో టీకి డైరెక్టర్ గారి కణతలు పోటెత్తాయి. ఆరో టీకి ఆయన ఒకే వాక్యాన్ని మూడుసార్లు చదివి అర్థం చేసుకోలేకపోయారు. అధ్యక్షులవారు కారెక్కగానే, ఆయన ఆఫీసు వెనకాల కాలిపోయిన మోటారు గది చాటుకు నడిచి, అక్కడికి కుర్మయ్యను పిలిపించారు. కేంద్రంలో రికార్డు లేని చోటు అదొక్కటే.

"కుర్మయ్యా" అన్నారు గొంతు తగ్గించి. "ఆ పాత పొట్టి జొన్న... అంతా పీకేశారా?"

"పీకినం సార్. ఉత్తర్వు గద."

"ఎక్కడా ఒక్క మొక్క కూడా లేదా?"

కుర్మయ్య ఆయన ముఖం చూశాడు. కళ్ళు ఎర్రబారి, పెదాలు ఎండిపోయి, ఆకలిగొన్న పశువు ముఖంలాగే ఉంది. అతనికి కొద్దిగా జాలి కూడా కలిగింది.

"నా చెలకల రెండు సాళ్ళున్నయి. పూత దాటింది, నాము లేదు."

"గేటు తనిఖీ వాడికి నేను చెబుతాను. నువ్వు తెచ్చింది వాడు చూడడు. ఎవరూ చూడరు. ఎక్కడా రాయొద్దు."

పొద్దు గూకకముందే కుర్మయ్య, అతని భార్య, మరో ఇద్దరు కూలీ ఆడవాళ్ళు మోపులు మోసుకొచ్చారు. ఎవరూ చూడలేదు. నల్లపూస మొదట నమ్మనట్టు వాసన చూసి, తర్వాత ముక్కు దాకా ముంచేసి తింది. జములమ్మ దాని పక్కన గోడకు చేరబడి ఆ నమిలే చప్పుడు వింటూ కూర్చుంది. పొద్దున చూస్తే గాడిలో ఒక్క కాడ కూడా మిగల్లేదు. తృప్తి పత్రాలు మాత్రం అలాగే ఉన్నాయి, వాటిని దక్షిణామూర్తి గారు తీసి ఫైలు చేసుకున్నారు. నమూనా అన్ని కేంద్రాలకూ వెళ్ళింది.

మూడో రోజున నల్లపూస ఈనింది. ఆడదూడ. జములమ్మ జున్ను వండి ఒక గిన్నెలో డైరెక్టర్ గారికీ పంపబోతుంటే, ఆయనే కొట్టానికి వచ్చారు. గేటు దగ్గర అడ్డంగా ఉన్న వెదురు కర్రను తనే ఎత్తి పక్కన పెట్టి లోపలికి వచ్చి, గడ్డిమోపు మీద కూర్చుని, నిజమైన జున్ను నిజంగా తిన్నారు. గిన్నె ఖాళీ అయ్యాక గాడిలోని పచ్చజొన్నను కాసేపు చూశారు. ఎంత పోయినా శాస్త్రవేత్త కదా, పాత జబ్బు తిరగబెట్టింది.

"ఎత్తెంత కుర్మయ్యా ఇది?" అని అడిగారు.

కుర్మయ్య పక్కనే ఉన్న కర్ర జోలికి పోలేదు. ఒక కాడ తీసి నల్లపూస ముందు పట్టుకున్నాడు. అది మెడ కొద్దిగా వంచి అందుకుంది.

"బర్రె నోటికి అందేటంత సార్" అన్నాడు.